ఇటలీ బండి, జపాన్ బండి, నర్సమ్మ చెవి

రేకు పనిలోకి వచ్చే కుర్రాళ్లకి నేను మొదట చెప్పేది చెవుల గురించి. చేతుల గురించి అందరూ చెబుతారు. చెయ్యి తెగితే రక్తం కనబడుతుంది, నలుగురూ పరిగెత్తుకొస్తారు. చెవి పోతే ఎవరికీ కనబడదు. పోయినవాడికే చాలాకాలం తెలియదు. పెళ్లాం ఈమధ్య గొణుగుతోంది, సరిగ్గా మాట్లాడటం మానేసింది అనుకుంటాడు.

నా పేరు తవిటయ్య. మా తాతలు శ్రీకాకుళం పక్కనుంచి గుణుపురం వచ్చి పొలాలు చేసుకున్నారు. నేను పొలం వదిలి కోరాపుట్ జిల్లాలో ఒక ప్రభుత్వ కర్మాగారంలో చేరాను. అల్యూమినియం రేకుని కొట్టి ఒంపు తేవడం నా పని. ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయను. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు, రెండింటివల్లా సుత్తి బరువు మారలేదు. రాయబోయేది రిటైరయ్యాక చేసిన పని గురించి. ఒక పెద్దమనిషికి రెండు కార్లుండేవి. రెండూ ప్రపంచంలో బహు కొద్దిమంది దగ్గర ఉండేవి. వాటిలో ఒక్కటే ఉంచుకోగలిగే రోజు వచ్చి, ఏది ఉంచుకోవాలో నన్ను చెప్పమన్నాడు. ఉద్యోగమంతా కలిపి నేర్చుకున్నది ఆ ఒక్క తీర్పులో ఖర్చయిపోయింది.

బెహరా సార్ చెప్పినవి: ఒకటి ఒప్పు, ఒకటి తప్పు

మా ఫోర్మన్ బెహరా సార్ చేతిలో సుత్తి ఉంటే చూడటానికి క్యాంటీన్ వాళ్లు కూడా వచ్చి నిలబడేవారు. రేకు మొండికేస్తే దానిమీద బట్టల సబ్బు రుద్ది వెనకనుంచి మంట చూపించమనేవాడు. సబ్బు గోధుమరంగు తిరిగి నల్లబడుతున్నప్పుడు మంట తీసెయ్యాలి. అప్పటికి రేకు అప్పడాల పిండిలా లొంగుతుంది. నల్లబడ్డాక కూడా మంట ఉంచావో, రేకు కళ్లముందే జారి కింద పడుతుంది. ఇది ఇప్పటికీ పనికొస్తుంది, నేర్చుకోండి.

తప్పు చెప్పింది చెవుల దగ్గర. కంపెనీ మాకు చెవి మూతలిచ్చింది. బెహరా సార్ వాటిని మేకుకి తగిలించేసి, "రేకు మాట్లాడుతుందిరా తవిటీ, చెవులు మూసుకుంటే ఎవడు వింటాడు?" అనేవాడు. మాట అబద్ధం కాదు. దెబ్బ పడిన చోట రేకు మందంగా ఉంటే ఒక గొంతు, పలచబడితే ఇంకో గొంతు. కానీ ఆ తేడా అరచేతికి కూడా తెలుస్తుంది. చెవులు పోయాక నేను అరచేత్తో నేర్చుకున్నాను, పెద్దగా కాలం పట్టలేదు. ఆ ముక్క ముందే చెప్పి ఉంటే మా షెడ్డులో సగంమంది ఇవాళ పిచికల కూత వినేవారు. ఆయన నాకు అన్నం పెట్టిన గురువు, ఆయన చేసింది తప్పు. రెండూ నిజమే. ఆయన పోయేముందు చూడటానికి వెళ్తే, ఇద్దరు చెవిటివాళ్లం గంటసేపు కబుర్లు చెప్పుకున్నాం. ఎవరి కబుర్లు వాళ్లవే. హాయిగా గడిచింది.

నాకు పూర్తిగా పోలేదు. లోతు శబ్దాలు తెలుస్తాయి, లారీ వస్తే గుండెకి ముందు తెలుస్తుంది. సన్నటివి పోయాయి. ఈల, గజ్జె, కుక్కర్ కూత, "స" అనే అక్షరం. చెవి మిషను కొన్నారు గానీ అది పెట్టుకుంటే పెళ్లి మేళం మొత్తం ఒకేసారి చెవిలో దూరినట్టుంటుంది. డ్రాయర్లో పెట్టేశాను.

సుందర్ బాబు కొట్టం

కోరాపుట్ దాటాక కొండమీద సుందర్ బాబుకి కాఫీ తోట ఉండేది. ఒడియా ఆయన, తెలుగు మనలాగే మాట్లాడతాడు. వయసులో ఉండగా ఓడల్లో ఇంజనీరుగా దేశాలన్నీ తిరిగి, రెండు కార్లు తెచ్చుకున్నాడు. ఎలా తెచ్చాడన్నది పెద్ద కాయితాల గోల, నాకక్కర్లేదు. ఒకరోజు మేస్తున్న గేదె ఒకటి తల విదిల్చి ఒక కారు తలుపుకి కొమ్ముతో సొట్ట పెట్టింది. అల్యూమినియం పని తెలిసినవాళ్లెవరని అడుగుతూ నా ఇంటికొచ్చాడు. అలా మొదలైంది.

సొట్ట పడింది ఇటలీ బండికి. నా పెళ్లికి ముందు తయారైంది. నేల మీద పాకుతున్నట్టుంటుంది. తలుపులు పక్కకి కాదు, పైకి తెరుచుకుంటాయి. ఇనప గొట్టాల చట్రం మీద పల్చటి రేకు తొడిగారు. తలుపు లోపలి అట్ట విప్పి చూసి నేను కింద కూచుండిపోయాను. రేకు వెనకంతా సుత్తి దెబ్బలు! మిషను దెబ్బలు కావు, మనిషివి. దెబ్బల వాలు చూస్తే కొట్టినవాడిది ఎడమచేతి వాటం. మధ్యాహ్నం భోంచేసి వచ్చాక కాబోలు, ఒకచోట దెబ్బలు కాస్త బద్ధకంగా పడ్డాయి. ఎడమ తలుపుకీ కుడి తలుపుకీ ఒంపు కలవదు. వాడెవడో, ఊరేదో, బతికున్నాడో లేదో. వాడి చెవులు కూడా పోయే ఉంటాయి. నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, దాచుకోలేదు. సుందర్ బాబు మొహం తిప్పుకుని కాఫీ మొక్కలకేసి చూస్తూ నిలబడ్డాడు.

జపాన్ బండి దానికంటే చాలా ఏళ్లు చిన్నది. ఒళ్లంతా అల్యూమినియమే, ఎముకలతో సహా. మొదట్లో నాకు నచ్చలేదు. ఎక్కడా మనిషి జాడ లేదు, అతుకులన్నీ అద్దంలా ఉన్నాయి. ఎడమకీ కుడికీ వెంట్రుకవాసి తేడా లేదు. "ఇది బాబూ, బళ్లో ఫస్టొచ్చే పిల్లోడు" అన్నాను. ఆయన నవ్వాడు. వారానికోసారి వెళ్లి రెండింటి ఒళ్లూ చూసుకోవడం నాకు పని అయింది. తోటలో మంచు ఆలస్యంగా విడిచేది. కొట్టం తలుపు తీస్తే లోపల ఒకటి పసుపు, ఒకటి ఎరుపు. నిద్రలో ఉన్నట్టుండేవి. తట్టి లేపడానికి మనసొప్పక కాసేపు గుమ్మంలోనే నిలబడేవాణ్ణి.

పసుపూ, సున్నమూ

మా పక్క విశ్వకర్మ పూజ అంటే పెద్ద పండగ. ఆ రోజు పనిముట్టు ముట్టకూడదు. బొట్టు పెట్టిందాన్ని మర్నాటిదాకా తుడవకూడదు. ఆ ఏడాది జపాన్ బండి బానెట్ మీద రంగు పెచ్చులూడితే, రంగంతా గీకి తెల్లటి రేకు తేల్చి ఉంచాను. పూజకి మా ఆవిడ నర్సమ్మని కూడా తీసుకెళ్లాను. తీరా చూస్తే కుంకం భరిణె ఇంట్లో మర్చిపోయింది.

"దానికేటి, మా అమ్మ కుంకం కొనీదేటి? పసుపులో సున్నం కలిపితే ఎర్రగా రాదా?" అంది. తాంబూలం డబ్బాలోంచి సున్నం తీసి, పసుపులో రంగరించి, బానెట్ మధ్యన గుండ్రంగా బొట్టు, చుట్టూ అయిదు చుక్కలు పెట్టింది. నేను పక్కనే ఉన్నాను. సుందర్ బాబు కూడా ఉన్నాడు. కొబ్బరికాయ కొట్టాం, దణ్ణం పెట్టుకున్నాం, పులిహోర తిన్నాం. ఎవరికీ తట్టలేదు.

మర్నాడు తుడిస్తే పసుపు పోయింది, బొట్టు పోలేదు. సున్నం రేకుని తినేసి బూడిద రంగు మచ్చ పెట్టింది. ఈ కొండల్లో ఎర్రమట్టిని ఘాటు క్షారంలో ఉడికించే అల్యూమినియం తీస్తారు. సున్నమూ క్షారమే. మట్టిలోంచి దాన్ని లాగే గుణమే రేకునీ తింటుందని ఇక్కడ కాలనీల్లో పిల్లలకి కూడా తెలుసు. జీవితమంతా ఆ లోహంతో బతికినవాళ్లం, పండగ రోజున ఆ తెలివి గుమ్మం బయట వదిలేశాం. పని మనిషిని ఎంత తెలివైనవాణ్ణి చేస్తుందో, పండగ అంత అమాయకుణ్ణి చేస్తుంది. బట్టలు మార్చుకున్నా తెలివి మార్చుకోకండి.

నేను సానపట్టి తీసేస్తానన్నాను. "రేకు పలచబడుతుందా?" అని అడిగాడు బాబు. కాస్త పలచబడుతుందన్నాను.

"అయితే ఒద్దు. పైన రంగు వేసెయ్. ఇన్నాళ్లూ ఇది ఎవరిదో అన్నట్టుండేది."

"ఓలమ్మ, నా బొట్టు కారుకి కూడా సెరిగిపోనిదే!" అంది నర్సమ్మ, సిగ్గూ గర్వమూ కలిసిన మొహంతో. మచ్చ మీదే రంగు వేశాను. ఇప్పటికీ ఆ ఎరుపు కింద అది ఉంది.

గొట్టం

ఇటలీ బండి ఇంజనుకి గాలి పీల్చే నోళ్లు పన్నెండు. పన్నెండూ ఒక్కలా పీల్చాలి. ఒకటి ఎక్కువ తాగినా, ఒకటి వెనకబడినా బండి దగ్గుతుంది. సరిచేసే పద్ధతి పాతది. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, రెండో కొస నోటి దగ్గర. బుస్సుమని సన్నటి చప్పుడు వినిపిస్తుంది. పన్నెండు బుస్సులూ కలిసేదాకా మరలు తిప్పాలి. ఆ పని చేసే మెకానిక్కు ఊరొదిలి వెళ్లిపోయాడు. నేను గొట్టం పెట్టుకున్నాను. ఏముంది, సన్నటి శబ్దం నాకెక్కడిది? నాకు పన్నెండూ ఒకటే నిశ్శబ్దం.

ఆ పూట నర్సమ్మ కేరేజీ తెచ్చింది. నా అవస్థ చూసి నవ్వింది. "సెవిటోడి ముందు సంకమూదినట్టు, నీకెందుకు మావా ఆ గొట్టం? ఇలా తే." నా చేతిలోంచి లాక్కుని చెవిలో పెట్టుకుంది. మొదటిది విని, రెండోది విని, మూడోదాని దగ్గర ఆగింది.

"ఇదేటి, ఆకలేసినోడు గంజి జుర్రినట్టున్నాది?" అంది. పన్నెండూ విని, "మిగతాయి బానే ఉన్నాయి. ఓ, ఈ సివరిదానికి జలుబు సేసినాది."

నేను మర తిప్పాను. ఆమె వింటూ చెయ్యి ఊపింది, "ఇంకొంచెం... ఇంకొంచెం... ఒగ్గెయ్, ఒగ్గెయ్!" కాసేపటికి ఇంజను చట్రం మీద పెట్టిన నా అరచేతికి వణుకు తగ్గి, పిల్లి కడుపు మీద చెయ్యి వేసినట్టు మెత్తటి గురగుర తెలిసింది. సుందర్ బాబు మెట్లమీదే నిలబడిపోయాడు. ఆరోజు నుంచి ఇటలీ బండికి ఇద్దరం. చెవి ఆమెది, చెయ్యి నాది. కాపురంలో ఏ పనీ మేం అంత కుదురుగా చెయ్యలేదు, పిల్లల పెళ్లిళ్లతో సహా.

వలిసె పూల దారి

రెండు చలికాలాలు బాబుకి ఊపిరి ఆడలేదు. కొండ దిగి వెచ్చటి చోటికి పొమ్మన్నాడు డాక్టరు. తోట కౌలుకిచ్చి విశాఖపట్నంలో సముద్రం పక్క ఇంటికి మారడానికి సిద్ధమయ్యాడు. అక్కడ కింద ఒక కారుకే చోటు.

"ఒకటి పోవాలి మేస్త్రీ. నన్నడిగితే నా మనసు అడ్డమొస్తుంది. ఉంచుకున్నదే ఇక నేను నడిపే ఆఖరి బండి. నువ్వు రెండింట్లో కూచుని చూసి చెప్పు. నువ్వేదంటే అది," అన్నాడు.

ఆయన మనసు ఇటలీ బండి మీదని నాకు తెలుసు. నా మనసూ అంతే. ఇంకేం, అనుకున్నాను.

ఒక ఆదివారం ఇటలీ బండి తీశాం. లక్ష్మీపూర్ ఘాటీ మీంచి టికిరి దాకా వెళ్లి రావాలని. నర్సమ్మ ఆటోలో రెండు చెక్క పలకలు పెట్టుకుని ముందు వెళ్లింది. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా పలకలు వేస్తేగాని ఆ బండి పొట్ట రాసుకోకుండా దాటదు. రెండు పక్కలా వలిసె పూసింది. కొండ వాలంతా పసుపు, దానిమీద పల్చగా పొగమంచు, బండి కూడా పసుపే. ఎక్కడ పూలు అయిపోయి ఎక్కడ మేం మొదలయ్యామో తెలియకుండా వెళ్లాం. ఘాటీ ఎక్కేటప్పుడు బాబు తొక్కాడు. ఆ మోత చెవికి కాదు, నా పక్కటెముకలకి వినబడింది. ఒళ్లంతా చెవి అయిపోయింది. అరవై దాటిన ఇద్దరం నోళ్లు తెరుచుకుని నవ్వాం. అంత సంతోషం నేను ఏ గుళ్లోనూ పడలేదు, నిజం చెప్తున్నాను.

టికిరి సంతలో ఆపితే చింతపండు అమ్ముకునే ముసలామె ఒకతి చుట్టూ తిరిగి చూసి, దేసియాలో, అంటే ఈ కొండల ఒడియాలో, ఏదో అడిగింది. నర్సమ్మ తెలుగులో చెప్పింది. "దీనికి ముందేదో ఎనకేదో తెలీడం నేదట." అందరూ నవ్వారు. బాబు నవ్వబోయి దగ్గులో పడ్డాడు. దగ్గు ఆగలేదు. ఆ బండి క్లచ్చి తొక్కడం కొబ్బరికాయ ఒలిచినంత కష్టం. ఆయన ఎడమకాలు మోకాలి దగ్గర్నుంచి వణుకుతోంది. తిరిగొచ్చేటప్పుడు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడినా ఆ మోతలో ఎవరికీ వినబడదు.

తరవాతి ఆదివారం జపాన్ బండి. అదే దారి, అవే పూలు. పలకలక్కర్లేదు కాబట్టి నర్సమ్మ రాలేదు. తాళం తిప్పగానే కదిలింది. అద్దంలోంచి దారంతా అరచేతిలో ఉన్నట్టు కనబడుతుంది. సీటు నడుము పట్టుకుంటుంది, తలుపు పిడి ఒక్క వేలికి తెరుచుకుంటుంది. మనిషి జాడ లేదన్నాను కదా, అది నా తెలివితక్కువ. దీన్ని చేసినవాడు సుత్తి దెబ్బ దాచేసి, కూర్చోబోయేవాణ్ణి గురించి కూచుని ఆలోచించాడు. ఎడమచేతివాడు తనని తాను రేకులో పెట్టి వెళ్లాడు. ఈ జపానాయన మనకి చోటిచ్చి తను తప్పుకున్నాడు. రెండూ గొప్ప పనితనాలే. మీరు ఏ రకం అవుతారో మీ ఇష్టం, పని మీదా, మనిషి మీదా మనసు పెట్టని మూడో రకం మాత్రం అవకండి.

కాకిరిగుమ్మ దాటాక బాబు మాట్లాడటం మొదలుపెట్టాడు. పోయిన ఆయన భార్య గురించి. ఆమెకి వలిసె పూలంటే ఇష్టమట, తలలో పెట్టుకుంటే వాడిపోతాయని తెలిసీ పెట్టుకునేదట. ఎప్పుడో ఓడ దిగి వస్తే ఆమె రేవులో గొడుగు తిరగేసి పట్టుకుని నిలబడిందట, వాన పడుతుంటే! ఆయన చెబుతున్నాడు, దారి సాగుతోంది, ఊపిరి ఎక్కడా తడబడలేదు. లక్ష్మీపూర్ చేరాకగానీ నాకు స్ఫురించలేదు. ఆయన చెప్పిందంతా నాకు వినబడింది. మిషను లేకుండా, పెదాలు చూడకుండా. అన్నేళ్ల స్నేహంలో ఆయన తన భార్య సంగతి చెప్పడం అదే మొదలు, లేకపోతే ఇంతకుముందు చెప్పినప్పుడల్లా నాకు వినబడలేదేమో.

తీర్పు

"జపాన్ బండి ఉంచుకోండి బాబూ," అన్నాను, కొట్టం దగ్గర దిగగానే.

ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వా ఈ మాట? తలుపు విప్పి ఏడ్చినవాడివి!"

"ఏడ్సినోణ్ణి గనకే సెప్తన్నాను. ఆ బండిని సముద్రం గాలిలో పెడతారు. మీ కాలు తొక్కనేదు. అక్కడ నర్సమ్మ నేదు. ఏడాది తిరక్కుండా దాని గొంతు పూడిపోద్ది. బొమ్మని పెట్టుకుని ఏటి సేస్తారు? ఇదైతే మీరు బతికినన్నాళ్లూ తిప్పుతాది. ఇందులో కూకుని మాటాడుకోవచ్చు."

"నువ్వేదంటే అదేనన్నాను," అని లోపలికి వెళ్లిపోయాడు. మర్నాడు రమ్మని కబురు పెట్టాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అద్దాల గదిలో పెట్టేవాడికి ఇవ్వను మేస్త్రీ. నడిపేవాళ్లకే," అన్నాడు. పెద్ద పెద్ద నగరాలనుంచి కొందరు వచ్చారు, ఒళ్లు చూశారు, ఫొటోలు తీసుకున్నారు. ఇంజను మోగించమని ఒక్కరూ అడగలేదు. అందరినీ కాఫీ ఇచ్చి పంపేశాడు.

చివరికి కోయంబత్తూరు నుంచి వల్లి అనే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, సొంత గేరేజి, గోళ్లలో నల్లగా గ్రీజు. నర్సమ్మ ముందురోజే నాతో ఒక నోటి మర కొద్దిగా తప్పు తిప్పించింది. "సూద్దాం, సెవులున్నాయో నేవో," అంది. నాకు భయమేసింది. వల్లి ఆ తప్పు పట్టుకుంటే బండి పోతుంది. పట్టుకోకపోతే ఎవరికి పోతుందో తెలియదు.

నర్సమ్మ గొట్టం అందించింది. వల్లి కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ వింది. తొమ్మిదోదాని దగ్గర ఆగి, కళ్లు తెరిచి, అరవ యాసలో, "ఎవరో దీన్ని కావాలని చెడగొట్టారు అక్కా," అంది.

నర్సమ్మ నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. "పట్టుకెల్లు తల్లీ," అంది. ఇక ఆ మధ్యాహ్నమంతా వాళ్లిద్దరూ ఒక గొట్టం చెరో చెవికీ మార్చుకుంటూ, గంజి అనీ జలుబనీ ఏవేవో చెప్పుకున్నారు. నేనూ బాబూ అరుగు మీద కూచుని చూస్తూ ఉండిపోయాం.

లారీలో ఎక్కించలేదు. తానే నడుపుకుని వెళ్తానంది వల్లి; పలకలతో ఆమె గేరేజి కుర్రాడు జీపులో ముందు బయలుదేరాడు. మర్నాడు పొద్దున్నే బాబు ఇటలీ బండి తలుపు కిందికి దించి వేసి, రేకుమీద ఒకసారి చెయ్యి రాసి, జపాన్ బండిలోకి వెళ్లి కూచున్నాడు, అద్దాలు ఎత్తేసుకుని. బండి గేటు దాటింది. మోత నా పక్కటెముకలకి తగిలి, మొదటి మలుపు తిరిగేసరికి ఆగిపోయింది. నా మట్టుకు అంతే. ఇక కొండా, మంచూ, ఏమీ లేనట్టున్న దారీ.

నర్సమ్మ మాత్రం కదల్లేదు. గోడ అంచున నిలబడి, తల కొద్దిగా పక్కకి వంచింది. ఆ ఘాటీ దారి కొండ చుట్టూ తిరిగి తిరిగి దిగుతుంది. ప్రతి మలుపులోనూ ఒకసారి పైకి వినబడుతుంది కాబోలు. నేను ఆమె మొహం చూస్తూ నిలబడ్డాను. ఒకసారి కనుబొమలు లేచాయి. కాసేపటికి పెదవి కొస కదిలింది. "ఇంకా?" అని అడిగాను. తలూపింది. చాలాసేపు అలాగే నిలబడ్డాం. బండి ఎంత దూరం వెళ్లిందో, ఎలా వెళ్తోందో ఆమె కళ్లలో చూసుకుంటూ నేను కొండంతా దిగాను.

ఆఖరికి ఆమె నావైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుంది. నాకు వినబడేలా గట్టిగా చెప్పింది.

"అయిపోనాది మావా. సివరిదాకా బాగానే ఎల్లినాది."